ఎలుక చెప్పిన లెక్క

ఆ రాత్రి వెన్నెల బాగా కాసింది. 2020 మే 7, వైశాఖ పౌర్ణమి. తెల్లవారితే సింహాచలం అప్పన్నకు రెండో విడత చందనం సమర్పించే రోజు. లాక్‌డౌన్ కాబట్టి కొండెక్కే పని ఎవరికీ లేదు. గోపాలపట్నం పక్కన ఆర్.ఆర్. వెంకటాపురంలో జనం ఉక్కపోతకు కిటికీలు బార్లా తెరిచి పడుకున్నారు. ఇంట్లో గాలాడనివాళ్ళు అరుగు మీదో డాబా మీదో చాపలేసుకున్నారు. విశాఖలో మే నెల రాత్రి ఎలా ఉంటుందో తెలిసిన వాళ్ళకి చెప్పనక్కర్లేదు. సముద్రపు తడి గాలి ఒంటికి అంటుకుంటుంది, చెమట ఆరదు.

మూడు గంటలవుతుండగా ఒక ఇంట్లో ఒక ఇల్లాలికి మెలకువ వచ్చింది. గొంతులో గరగర. కళ్ళు మండుతున్నాయి.

"ఏటే ఈ వాసన? గ్యాసు కట్టీలేదేటి?" పక్కన మొగుడు నిద్రలోనే గొణిగాడు.

"కట్టీసినాను. మనింట్లోది కాదది. బయట్నించి వస్తంది."

ఆమె లేచి తలుపు తీసింది. వీధిలో పొగమంచు. మే నెలలో పొగమంచేమిటి? వెన్నెల్లో అది తెల్లగా, నేల మీద పాకుతున్నట్టు, మోకాళ్ళ ఎత్తున కదులుతూ ఉంది.

ఈ ఇల్లు ఫలానా వారిదని కాదు. ఆ వారమంతా ఆస్పత్రి మంచాల మీద నుంచి, శిబిరాల్లో నుంచి, ఫ్యాక్టరీ గేటు ముందు నుంచి జనం చెప్పుకున్న మాటల్ని కలిపి కట్టుకున్న ఇల్లు. మనుషులకు పేర్లు పెట్టలేదు. అంకెలకీ తేదీలకీ మాత్రం కల్పన లేదు.

ఆ ఇంటికి కూతవేటు దూరంలో, ప్రహరీకి అవతల, ఎల్‌జీ పాలిమర్స్ వాళ్ళ ఎం6 అనే ట్యాంకు ఉంది. అందులో 1800 టన్నులకు పైగా స్టైరీన్.

స్టైరీన్ అంటే కొత్త పేరేమీ కాదు, మనకి తెలియకుండానే రోజూ ముట్టుకునే సరుకు. థర్మోకోల్ అట్టలు, పెళ్ళిళ్ళలో వాడి పారేసే తెల్ల గ్లాసులు, ఫ్రిజ్ లోపలి గోడలు, అన్నిటికీ అదే ముడిసరుకు. నీళ్ళలా కనిపించే నూనె. కొంచెం పీలిస్తే తియ్యటి వాసన, ఎక్కువైతే ముక్కు పగిలే ఘాటు. విశాఖ రేవుకు ఓడల్లో దిగుతుంది, అక్కడి నుంచి ట్యాంకర్లలో వెంకటాపురం చేరుతుంది. 1961లో హిందుస్తాన్ పాలిమర్స్ అన్న పేరుతో ఈ ఫ్యాక్టరీ పెట్టినప్పుడు చుట్టూ పొలాలూ మెట్టలూ. 1978లో మెక్‌డోవెల్ చేతికి, 1997లో కొరియా వారి ఎల్‌జీ కెమ్ చేతికి వెళ్ళింది. ఊరు పెరిగి పెరిగి గోడ దాకా వచ్చింది. ఊరు గోడ దాకా రాకుండా చూడవలసిన వాళ్ళు చూడలేదు. కట్టుకునేవాడికి కావలసింది రేవుకీ రైలుకీ దగ్గరగా చవకగా దొరికే రెండు సెంట్ల జాగా, అంతే.

*

ఇప్పుడు ఆ ఇల్లాలిని వీధిలోనే ఉంచి, పాఠకుల్ని ఎక్కడికో తీసుకువెళ్తున్నాను. విసుక్కోవద్దు. ఆ తెల్లటి మంచు ఏం చేస్తుందో అప్పటికి 78 ఏళ్ళ క్రితమే తెలిసిన చోటు అది.

1942. అమెరికా యుద్ధంలో దిగింది. ఆగ్నేయాసియా రబ్బరు తోటలు జపాన్ చేతిలో పడ్డాయి. టైర్లు లేకపోతే లారీ కదలదు, విమానం దిగదు. కృత్రిమ రబ్బరు చెయ్యాలి, దానికి స్టైరీన్ కావాలి. డౌ కెమికల్ కంపెనీలో దాన్ని తయారు చేసే కార్మికులు ఎంత పీలిస్తే ఏమవుతుందన్న ప్రశ్న వచ్చింది. స్పెన్సర్, ఐరిష్, ఆడమ్స్, రో అనే నలుగురు శాస్త్రవేత్తలు ఎలుకల్నీ గినీ పందుల్నీ గదుల్లో పెట్టి, గాలిలో స్టైరీన్ ఆవిరి కొలత పెంచుకుంటూ పోయారు. పది లక్షల పాళ్ళ గాలిలో ఎన్ని పాళ్ళు ఆవిరి ఉందో, అదే పీపీఎం. 1300 పీపీఎం దగ్గర జంతువులకి కళ్ళు చెమర్చాయి, ముక్కు మండింది. 10,000 దగ్గర నిమిషాల్లో స్పృహ తప్పాయి. అరగంట నుంచి గంటలోపు ప్రాణం పోయింది. కోసి చూస్తే ఊపిరితిత్తుల్లో వాపు, నీరు, నెత్తురు.

ముందు కళ్ళు, తర్వాత ముక్కు, తర్వాత కాళ్ళు తడబడటం, తర్వాత మత్తు, ఆ తర్వాత లేవకపోవడం. ఈ వరస గుర్తుంచుకోండి. వెంకటాపురం వీధుల్లో ఇదే వరస మళ్ళీ కనిపిస్తుంది.

తర్వాత 1969లో షుగాయెవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త మరో అడుగు వేశాడు. జంతువు చచ్చిందా బతికిందా అని చూసి ఊరుకోలేదు. పీల్చిన ఆవిరి మెదడులోకి, కాలేయంలోకి, కొవ్వులోకి ఎంత చేరిందో కొలిచాడు. స్టైరీన్‌కి కొవ్వంటే ఇష్టం, మెదడులో కొవ్వు ఎక్కువ. అందుకే అది మత్తుమందులా పనిచేస్తుంది. నాలుగు గంటలు పీలిస్తే ఎలుకల్లో సగం చచ్చిపోయే మోతాదును ఆయన లీటరు గాలికి 11.8 మిల్లీగ్రాములని తేల్చాడు. పీపీఎంలో చెప్పుకుంటే సుమారు 2770. దీన్నే ఆ రంగంలోవాళ్ళు 'ఎల్‌సీ 50' అంటారు. ప్రయోగశాలను బట్టి, ఎలుక జాతిని బట్టి ఈ అంకె కొంత అటూఇటూ అవుతుంది. అయినా ప్రపంచమంతా స్టైరీన్ డ్రమ్ముతో పాటు తిరిగే భద్రతా పత్రంలో, 'ఎమ్మెస్డీయెస్' అని ఫ్యాక్టరీల్లో పిలిచే ఆ కాగితంలో, ఎక్కువగా కనిపించేది ఈ 11.8.

ఆ పరీక్ష ఎలా జరుగుతుందో కొంచెం చూడాలి. ఇప్పటి అంతర్జాతీయ పద్ధతిలో ఒక్కో మోతాదుకి మామూలుగా అయిదు మగ ఎలుకలు, అయిదు ఆడ ఎలుకలు. గాజు గొట్టంలాంటి దాంట్లో ఎలుకను కదలకుండా పెడతారు, ముక్కు కొస మాత్రం ఆవిరి వచ్చే గదిలోకి ఉంటుంది. గది వేడి 22 డిగ్రీలు. సరిగ్గా నాలుగు గంటలు. తర్వాత బయటికి తీసి, మంచి గాలిలో, మేతా నీళ్ళూ ఇచ్చి 14 రోజులు కనిపెట్టుకుని ఉంటారు. ఎలుక నోటితో ఊపిరి తీసుకోలేదు, ముక్కుతోనే. వాంతి కూడా చేసుకోలేదు. దానికి ముసలితనం లేదు, ఉబ్బసం లేదు, అది కడుపుతో లేదు, పగలంతా కూలి చేసి వచ్చి పడుకోలేదు. పరీక్షకని ఏరి తెచ్చిన ఆరోగ్యమైన పడుచు ఎలుక.

ఆ ఎలుక ఇచ్చిన అంకెను పట్టుకుని రసాయనాలకి తరగతులు కడతారు. లీటరుకి అర మిల్లీగ్రాము లోపే సగం ఎలుకల్ని చంపేది ఒకటో తరగతి. 10 దాటి 20 లోపు అయితే నాలుగో తరగతి. 11.8 కాబట్టి మన స్టైరీన్ నాలుగో తరగతిలో కూర్చుంది. నాలుగో తరగతికి పుర్రె బొమ్మ వెయ్యరు, ఆశ్చర్యార్థకం గుర్తు వేస్తారు. పక్కన 'పీలిస్తే హానికరం' అని ఒక్క ముక్క. 'ప్రాణాంతకం' అని ఉండదు. దగ్గు మందు సీసా మీద రాసేటంత మెత్తటి మాట.

తరగతి తప్పని నేననను. లెక్క ప్రకారం సరైనదే. ఒక డ్రమ్ము ఒలికినప్పటికి ఆ మాట చాలు. 1800 టన్నుల ట్యాంకు పక్కన నిద్రపోతున్న ఊరికి చాలదు.

*

ట్యాంకులో ఏం జరిగిందో మన పల్లెల్లో పెరిగినవాళ్ళకి తేలిగ్గా బోధపడుతుంది. తడి ఆరకుండా వేసిన గడ్డివాము లోలోపల ఉడికి, ఒక రోజు దానంతటదే అంటుకోవడం చూశారు కదా. పైన చెయ్యి పెడితే చల్లగానే ఉంటుంది. లోపల చెయ్యి దూరిస్తే కాలుతుంది. స్టైరీన్ కూడా అంతే. నిలవ ఉంటే దాని అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని గొలుసు కట్టుకుంటాయి. కట్టుకున్నప్పుడల్లా వేడి పుడుతుంది. ఆ వేడికి ఇంకొన్ని కట్టుకుంటాయి. 1839లో దీన్ని తీసిన బెర్లిన్ మందుల వర్తకుడు ఎడువార్డ్ సిమోన్‌కే, కొన్నాళ్ళకి సీసాలో నూనె జెల్లీలా గట్టిపడటం కనిపించింది. సీసాలో అయితే వింత, ట్యాంకులో అయితే విపత్తు.

అది జరగకుండా రెండు పనులు చెయ్యాలి. సరుకును ఎప్పుడూ చల్లగా ఉంచాలి. టీబీసీ అనే నిరోధకాన్ని కొద్దిగా కలుపుతూ ఉండాలి.

మార్చి 24న ఫ్యాక్టరీ మూసేశారు. సరుకు మాత్రం ట్యాంకులోనే ఉంది. నెలన్నర పాటు, ఎండాకాలంలో. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన హైపవర్ కమిటీ, నీరభ్‌కుమార్ ప్రసాద్ అధ్యక్షతన, తర్వాత తేల్చిన సంగతులు చదివితే నమ్మబుద్ధి కాదు. శీతలీకరణ యంత్రాన్ని రోజూ సాయంత్రం అయిదింటికి ఆపేయడం అలవాటు. అంటే రాత్రంతా సరుకు దాని మానాన అది. వేడి కొలిచే సాధనం ట్యాంకు అడుగున మాత్రమే ఉంది. పైన ఉడుకుతుంటే అడుగున ఉన్న ముల్లు మామూలుగానే చూపిస్తుంది. గడ్డివాము పైన చెయ్యి పెట్టి చూడటమన్నమాట, ఇక్కడ కింద పెట్టి చూశారు, అంతే తేడా. 2019 డిసెంబరులో చల్లటి సరుకును తిప్పే గొట్టాల అమరిక మార్చారు, ఆ మార్పుతో పై పొరకి చల్లదనం సరిగ్గా అందలేదు. టీబీసీ సరిపడా లేదు.

స్టైరీన్ 145 డిగ్రీలకు మరుగుతుంది. ట్యాంకు లోపల వేడి 150 దాటింది. పైకప్పు మీది గాలి గొట్టాల్లోంచి ఆవిరి ఎగదన్నింది. 800 టన్నులకు పైగా.

ఆవిరి అనగానే పైకి పోతుందనుకుంటాం. ఇది పోదు. గాలికి మూడున్నర రెట్లు బరువు. గోడ దాటి, వీధిలో దిగి, పల్లం వెతుక్కుంటూ నీళ్ళలా పారుతుంది. చాప మీద పడుకున్నవాడి ముక్కు దగ్గరికి ముందు వస్తుంది.

*

"పిల్లల్ని నెగ్గొట్టు! నెగండి, నెగండి!"

ఆ ఇంటాయన అప్పటికి పూర్తిగా లేచాడు. చిన్నదాన్ని భుజాన వేసుకున్నాడు. పెద్దాడు లేవలేదు. కొట్టినా లేవలేదు. ఆమె వాడి కాళ్ళు పట్టి వాకిట్లోకి లాగింది.

"అత్తెక్కడ? ఓలమ్మో, అత్తను మర్చిపోనాం!"

"నువ్వు పద. నానొస్తాను."

వీధిలో ఎవరు ఎవరో తెలియడం లేదు. ఎటు వెళ్ళాలో ఎవరికీ తెలియదు. ఎటు నుంచి వస్తోందో తెలిస్తే కదా ఎటు పారిపోవాలో తెలిసేది. కొందరు మేఘాద్రిగెడ్డ వైపు, కొందరు సింహాచలం వైపు, కొందరు కొండల వైపు పరుగెత్తారు. బైకు స్టార్టు చేసినవాడు పది గజాలు పోయి పక్కకి ఒరిగాడు. ఆ మత్తులో, ఆ మసకలో ఇద్దరు నేల బావిలో పడి చనిపోయారు. ఒకరు మేడ మీంచి పడ్డారు.

పెద్దవాళ్ళకి మొదట గుర్తొచ్చింది 1997 సెప్టెంబరు 14. ఆ రోజు హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో గ్యాసు అంటుకుని అరవై మంది దాకా పోయారు. ఇప్పుడూ ఎక్కడో అంటుకుంటుందని భయపడ్డారు. ఏదీ అంటుకోలేదు, పేలలేదు. పేలితే కనీసం ఎటు నుంచో తెలిసేది.

ఇక్కడే ప్రయోగశాల ఎలుకకీ వెంకటాపురం మనిషికీ తేడా వస్తుంది. గొట్టంలో ఎలుక కదలదు కాబట్టి దాని ఊపిరి మామూలుగానే ఉంటుంది. మనిషి పరుగెత్తాడు. పరుగెత్తేవాడు కూర్చున్నవాడికి ఎన్నో రెట్లు గాలి పీలుస్తాడు. అంటే తప్పించుకోవడానికి వేసిన ప్రతి అడుగూ విషాన్ని ఇంకా లోపలికి లాగింది. ఆ వేళ ఎవరైనా మైకులో 'గాలికి అడ్డంగా పోండి, ముక్కుకి తడిగుడ్డ కట్టుకోండి, పల్లంలోకి దిగకండి' అని మూడు ముక్కలు చెప్పి ఉంటే కొందరైనా సరైన దిక్కుకు తిరిగేవారు. భోపాల్‌లో 1984 డిసెంబరు 2 రాత్రి కూడా జనం ఇలాగే పరుగెత్తి పరుగెత్తి పడిపోయారు. అక్కడా ఎలుక ముందే చెప్పింది. మిథైల్ ఐసోసయనేట్ ఎలుకల్ని ఎంత తక్కువ మోతాదులో చంపుతుందో కిమ్మెర్లె, ఎబెన్ అనే ఇద్దరు జర్మన్లు 1964లోనే అచ్చువేశారు. సరిగ్గా ఇరవై ఏళ్ళ ముందు.

పోలీసులు వచ్చారు. మొదట వచ్చినవాళ్ళలో కొందరు తామే దగ్గుతూ వాంతులు చేసుకుంటూ వెనక్కి వచ్చి, మళ్ళీ లోపలికి వెళ్ళారు. ఎన్‌డీఆర్‌ఎఫ్ జవాన్లు తలుపులు బద్దలుకొట్టి ఒక్కో ఇంట్లో వెతికారు. పక్క ఊళ్ళ కుర్రాళ్ళు ఆటోల్లో, బైకుల మీద, భుజాల మీద మనుషుల్ని మోశారు. కరోనా భయంతో మనిషిని మనిషి ముట్టుకోని రోజులవి. ఆ ఉదయం ఆ భయం ఎవరికీ గుర్తు రాలేదు.

తెల్లవారేసరికి కేజీహెచ్ ఆస్పత్రి వార్డులు నిండాయి. ఒక్కో మంచం మీద ఇద్దరేసి పిల్లలు. స్టైరీన్‌కి విరుగుడు మందంటూ లేదు. డాక్టర్లు చెయ్యగలిగింది ఆక్సిజన్ పెట్టడం, కళ్ళు కడగడం, ఊపిరి నిలబెట్టడం, కనిపెట్టుకుని కూర్చోవడం. శరీరం దాన్ని మెల్లగా మాండెలిక్ ఆమ్లంగా మార్చి మూత్రంలో బయటికి పంపుతుంది. ఆ వ్యవధి దొరికినవాళ్ళు బతికారు.

పన్నెండు మంది బతకలేదు. వాళ్ళలో చిన్నపిల్లలున్నారు, వైద్య విద్య మొదటి ఏడు చదువుతున్న ఒక విద్యార్థి ఉన్నాడు. 585 మంది ఆస్పత్రుల్లో చికిత్స తీసుకున్నారు. కట్టుగొయ్యల దగ్గర పశువులు కట్టేసినవి కట్టేసినట్టే ఒరిగాయి. ఊళ్ళో చెట్ల ఆకులు ఒక్క రాత్రిలో మాడిపోయాయి.

మా కథలోని పెద్దాడు బతికాడు. వాళ్ళ నాయనమ్మ సంగతి రాయను.

*

ఒక చిన్న లెక్క వేశాను. 800 టన్నుల ఆవిరిని షుగాయెవ్ చెప్పిన గాఢతలో, లీటరుకి 11.8 మిల్లీగ్రాముల చొప్పున పరిస్తే ఎంత మేర నిండుతుంది? దాదాపు 6 కోట్ల 80 లక్షల ఘనపు మీటర్లు. అంటే 20 మీటర్ల ఎత్తున, మూడు చదరపు కిలోమీటర్లకు మించిన జాగా. ఇది కాగితం మీది లెక్కే. గాలి అలా సమానంగా పరుచుకోదు, గోడ పక్కన చిక్కగా, దూరాన పలచగా ఉంటుంది, చాలా భాగం కొట్టుకుపోతుంది. కానీ ఈ లెక్క వెయ్యడానికి నాకు పట్టింది అయిదు నిమిషాలు. ట్యాంకు కట్టినవాళ్ళకీ, అనుమతులిచ్చినవాళ్ళకీ, ఏటా తనిఖీ పత్రాల మీద సంతకాలు పెట్టినవాళ్ళకీ ఆ అయిదు నిమిషాలు దొరకలేదనుకోవాలా?

మనుషుల కోసం వేరే అంకెలు కూడా ఉన్నాయి. అమెరికా నిపుణుల కమిటీ ఎలుకల పరీక్షల నుంచే ఒక అంకె తీసుకుని, పదో వంతుకి తగ్గించి, నాలుగు గంటలు పీలిస్తే ప్రాణం మీదికి వచ్చే హద్దు 340 పీపీఎం అని పెట్టింది. ఎందుకు పదో వంతు? ఎలుక గొట్టంలో ముసలమ్మ లేదు కాబట్టి, పసిబిడ్డ లేదు కాబట్టి. మన ఫ్యాక్టరీల చట్టం కూడా, కార్మికుడు ఎనిమిది గంటల షిఫ్టులో సగటున 50 పీపీఎం మించి పీల్చకూడదని రాసుకుంది. ఎలుక చెప్పినదాన్ని మనిషి భాషలోకి మార్చడం అప్పటికే అయిపోయింది. పత్రం నుంచి పేటకి అది నడిచి రాలేదు, అంతే.

*

ఆ మర్నాడు సాయంత్రానికి మొదలైన ప్రశ్న ఇంకా ఆగలేదు.

"పిల్లలకి రేపేటవుద్ది, డాక్టరుగోరూ?"

ఈ ప్రశ్నకి జవాబు కూడా ఎలుకల దగ్గరే ఉంది, అయితే ఇక్కడ ఎలుకల్లో ఎలుకలకే పడలేదు. పెద్ద ఎలుకల్ని రెండేళ్ళపాటు 1000 పీపీఎం దాకా పీల్పించారు, ఊపిరితిత్తుల్లో గడ్డలు పెరగలేదు. చిట్టెలుకలకి 160 దాకానే ఇచ్చారు, గడ్డలు వచ్చాయి. కారణం వెతికితే చిట్టెలుక ఊపిరితిత్తి గొట్టాల్లోని కొన్ని కణాల్లో ఒక ఎంజైమ్ దొరికింది. స్టైరీన్‌ని అది అక్కడికక్కడే మరింత చురుకైన పదార్థాలుగా మార్చి, ఆ కణాల్నే దెబ్బతీస్తుంది. మనిషి ఊపిరితిత్తిలో అలాంటి ఎంజైమ్ ఉంది గాని దాని పని చాలా తక్కువ. మనిషి చిట్టెలుక లాంటివాడు కాదు, పెద్ద ఎలుక లాంటివాడని పరిశ్రమ తరఫు శాస్త్రవేత్తల వాదన. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ అంత తొందరగా ఒప్పుకోలేదు. 2018లో స్టైరీన్‌ని మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలోకి ఎక్కించింది.

ఇక్కడో మెలిక ఉంది. ఈ పరీక్షలన్నీ రోజూ కొంచెం కొంచెంగా, ఏళ్ళ తరబడి పీల్చడం గురించి. ఒక్క రాత్రి గట్టిగా పీల్చి, తర్వాత యాభై ఏళ్ళు బతకాల్సిన ఆరేళ్ళ పిల్ల గురించి ఏ ఎలుకనీ ఎవరూ అడగలేదు. ఎలుక ఆయుష్షు రెండుమూడేళ్ళు. ఆ పిల్లను చూస్తూ ఉండటమొక్కటే మార్గం. అందుకే వెంకటాపురం, కంపరపాలెం, పద్మనాభపురం, నందమూరినగర్, ఎస్సీబీసీ కాలనీ, ఈ అయిదు పేటల మనుషుల్ని పుస్తకం పెట్టి, పేరు పేరునా, ఏటేటా పరీక్షించాలని జనం అడిగింది గొంతెమ్మ కోరిక కాదు. శాస్త్రం ప్రకారం అంతకంటే తక్కువ అడగడానికి వీల్లేదు.

*

మిగిలింది త్వరగా చెప్పేస్తాను. వార్తలు అందరూ చదివినవే.

ట్యాంకు ఇంకా ఉడుకుతూనే ఉంది. నిరోధకం ఊళ్ళో లేదు. గుజరాత్‌లోని వాపి నుంచి 500 కిలోల టీబీసీని డామన్ మీదుగా విమానంలో తెప్పించారు. మే 7 రాత్రి రెండోసారి లీకైందన్న పుకారుకి చుట్టూ ఊళ్ళన్నీ మళ్ళీ రోడ్డు మీద పడ్డాయి. నిద్రపోని పిల్లలు, నిద్రపోవడానికి భయపడే పెద్దలు. మే 8న జాతీయ హరిత ట్రైబ్యునల్ తనంతట తానే కేసు చేపట్టి, కంపెనీని 50 కోట్లు జమ చెయ్యమంది. మృతుల కుటుంబాలకి ముఖ్యమంత్రి కోటి రూపాయల చొప్పున ప్రకటించారు. మే 9న జనం శవాల్ని ఫ్యాక్టరీ గేటు ముందు దించి, ఫ్యాక్టరీని ఇక్కడి నుంచి ఎత్తెయ్యండి అని కూర్చున్నారు. మిగిలిన సుమారు 13 వేల టన్నుల స్టైరీన్‌ని, రేవులోని ట్యాంకుల్లోదీ కలిపి, ఓడలెక్కించి కొరియా పంపేశారు. దశాబ్దాలుగా వచ్చి పడుతున్న సరుకు వెళ్ళిపోవడానికి రోజులే పట్టింది. జూలై 6న హైపవర్ కమిటీ నివేదిక ఇచ్చింది, మర్నాడే కంపెనీ ముఖ్య అధికారి సహా పన్నెండు మందిని అరెస్టు చేశారు. కంపెనీకి చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి లేదన్న సంగతి, అంతకు ఏడాది ముందు కంపెనీయే తన ప్రమాణ పత్రంలో రాసుకున్నదని బయటపడింది. ఈలోగా జూన్ నెలాఖరున పరవాడలో మరో ఫ్యాక్టరీలో మరో విషవాయువు ఇద్దరిని చంపింది. విశాఖలో ఒక దుర్ఘటనకి తద్దినం పెట్టే లోపు ఇంకొకటి వస్తుంది, ఈ మాట ఎగతాళికి అనడం లేదు.

ఆ నాలుగు వేల పేజీల నివేదికలో నన్ను ఎక్కువసేపు పట్టి ఉంచినవి ట్యాంకు బొమ్మలు కావు, వేడి పట్టికలు కావు. సైరను గురించిన నాలుగు వాక్యాలు. ఫ్యాక్టరీలో అత్యవసర సైరను మోగించే మీటలు 36 చోట్ల ఉన్నాయి, ఒకటి గేటు దగ్గరే ఉంది. ఆ రాత్రి ఒక్కటీ నొక్కలేదు. నొక్కి ఉంటే ఎంతమంది బతికేవారో నేను లెక్క వెయ్యలేను. సైరను మోగినా దాని అర్థమేమిటో, విన్నాక ఎటు పోవాలో ఊరికి ముందెప్పుడూ ఎవరూ చెప్పి ఉండలేదు కూడా.

చెప్పాలని మాత్రం చట్టంలో ఉంది. ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నిబంధనలు 1989లో వచ్చాయి, భోపాల్ తర్వాత. అందులో 15వ నిబంధన, ప్రమాదం జరిగితే దెబ్బతినే అవకాశమున్న చుట్టుపక్కల జనానికి ఆ ప్రమాదం ఎలాంటిదో, అప్పుడు ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో ముందుగా తెలియజెయ్యాలంటుంది. అప్పటి ఫ్యాక్టరీల చట్టంలోని 41బి సెక్షనూ ఆ మాటే అంది.

గాజువాకలో, మల్కాపురంలో, పరవాడలో, అచ్యుతాపురంలో ప్రహరీకి ఇవతల ఇల్లున్న పాఠకులకి ఒక మనవి. మీ పక్క ఫ్యాక్టరీలో నిలవున్న రసాయనాల పేర్లు అడగండి. ఒక్కోదానికీ భద్రతా పత్రం ఉంటుంది, అందులో 11వ విభాగం తెరిపించండి. ఎలుక, నాలుగు గంటలు, లీటరుకి ఇన్ని మిల్లీగ్రాములు అని ఒక వరుస ఉంటుంది. ఆ పక్కనే ట్యాంకులో ఎన్ని టన్నులుందో రాయించుకోండి. సైరను ఏదో, విన్నాక ఏ దారిన పోవాలో మీ పిల్లలకి పగటిపూటే నడిపించి చూపించమనండి.